మీటరు ప్రోబులకు సూది మొన

మల్టీమీటరు పెట్టెలో వచ్చే వైర్లను, అంటే ప్రోబులను, తిట్టడం నాకిష్టం ఉండదు. వాటి పని వాటికి ఉంది. లావుపాటి పిడి, దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మొన, దాని మీద నికెల్ పూత. బ్యాటరీ కొసల మీదా, స్క్రూ టెర్మినళ్ల మీదా అవి చక్కగా పనిచేస్తాయి. చిక్కల్లా చిన్న సర్క్యూట్ బోర్డు బల్ల మీదికి వచ్చినప్పుడే. 0.5 మి.మీ. ఎడంతో కాళ్లున్న ఐసీ (చిప్) మీద ఆ మొన ఆనిస్తే ఒకేసారి రెండు మూడు కాళ్లు తగులుతాయి. మీటరు ఏదో ఒక అంకె చూపిస్తుంది, అది ఏ కాలిదో దేవుడికే తెలియాలి. అంకె తప్పయితే మళ్లీ చూసుకోవచ్చు. 12 వోల్టుల కాలినీ పక్కనున్న 3.3 వోల్టుల కాలినీ ఆ మొన కలిపేసిందంటే మాత్రం, బాగుచేద్దామని కూర్చున్న బోర్డును మన చేత్తో మనమే చంపినట్టు.

సన్న మొన ప్రోబులు కొనుక్కోవచ్చు, మంచివే దొరుకుతాయి. అయితే సన్న మొన అనేది అరిగిపోయే సరుకు. వంగుతుంది, విరుగుతుంది, మొద్దుబారుతుంది. అది పోయినప్పుడల్లా కొత్త జత కోసం ఎదురుచూడకుండా, ఇంట్లో ఉన్న వాటితో పది నిమిషాల్లో మార్చుకోగలిగితే హాయి. నేను సొంతంగా చేసుకోవడానికి అసలు కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకుందాం. ఇక్కడ చెప్పేదంతా బ్యాటరీతోనో, తక్కువ వోల్టేజీ అడాప్టరుతోనో నడిచే బోర్డుల కోసం. నా ప్రోబులతో నేను 30 వోల్టులు దాటను. మెయిన్స్, అంటే ఇంటి 230 వోల్టుల కరెంటు, సంగతి చివర్లో మాట్లాడతాను.

ప్రోబులు చేసుకుంటాననగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న: మొనకు ఏ లోహమైతే కరెంటు బాగా పారుతుంది? వెండి అన్నిటికంటే మెరుగు, తర్వాత రాగి, తర్వాత బంగారం. ఈ పట్టిక చూసి రాగి తీగ ముక్క తీసుకుని ఆకురాయితో చెక్కడం మొదలుపెడతారు. ఒక్కసారి లెక్క వేస్తే ఈ ఆరాటం తగ్గిపోతుంది.

20 మి.మీ. పొడవు, 1 మి.మీ. మందం ఉన్న మొన అనుకోండి. రాగిదైతే దాని నిరోధం అర మిల్లీఓమ్ కూడా ఉండదు. ఇత్తడిదైతే రెండు మిల్లీఓములలోపు. కుట్టు సూది ఉక్కుదైతే నాలుగైదు. కరెంటు విషయంలో వీటన్నిటిలో వెనకబడిన స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సుమారు 18 మిల్లీఓములు. మామూలు మీటర్లలో 200 ఓముల రేంజి చూపించగల కనీసపు తేడా 0.1 ఓమ్, అంటే 100 మిల్లీఓములు. రాగి మొన పెట్టినా స్టెయిన్‌లెస్ మొన పెట్టినా ఆ మీటరు తెర మీద అంకె మారదు. ఇక వోల్టులు కొలిచేటప్పుడైతే మరీ. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా ఒక కోటి ఓములు ఉంటుంది. దాని ముందు మన వైరులో పది ఓములు దండగ ఉన్నా, వచ్చే తప్పు పది లక్షల్లో ఒక వంతు.

మరి తేడా ఎక్కడ వస్తుందంటే, మొన తాకే చోట. సోల్డరు (కాళ్లను బోర్డుకు అతికే, కరిగించి పోసే లోహం) మీద సన్నటి ఆక్సైడు పొర ఉంటుంది. సోల్డరింగ్ చేశాక మిగిలిపోయిన ఫ్లక్స్ (సోల్డరు అంటడానికి పూసే పదార్థం) గాజు పెంకులా గట్టిపడి ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. కొన్ని బోర్డుల మీద తేమ పట్టకుండా వార్నిష్ కూడా పూస్తారు. గుండ్రటి మెత్తటి మొన ఈ పొరల మీద జారుతుందే తప్ప లోపలికి దిగదు. కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టే మీటరు సెట్టింగులో) పెడితే బీప్ రాదు. ట్రాక్ (బోర్డు మీది రాగి దారి) తెగిపోయిందనుకుని లేని తప్పును వెతుక్కుంటూ పోతాం. గట్టి మొన, సన్నటి కొస ఉంటే చిన్న ఒత్తిడికే పొర చిట్లుతుంది, కింది లోహం తగులుతుంది. కాబట్టి లోహాన్ని ఎంచుకోవాల్సింది గట్టిదనం చూసి. ఆ తర్వాత చూడాల్సింది, దానికి సోల్డరు అంటుతుందా లేదా అని. కరెంటు పారే గుణం మూడో స్థానంలో ఉంటే చాలు.

ఈ లెక్కన రాగి మొదట్లోనే తప్పుకుంటుంది. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మి.మీ. ఒంటి తీగ చేతికి అందుబాటులో ఉంటుంది, సోల్డరు ఇట్టే పట్టేస్తుంది, అందుకే అందరి కన్నూ దాని మీద పడుతుంది. కానీ మొన చెక్కి రెండు సార్లు గట్టిగా నొక్కితే కొస పక్కకు వంగుతుంది. కొన్నాళ్లు వదిలేస్తే నల్లబడుతుంది, చెమట చేతులు తగిలితే చిలుము పడుతుంది. మైక్రోవోల్టుల్లో కొలతలు తీసేవాళ్లకు రాగితో రాగి కలిపితే ఉష్ణోగ్రత తేడాల వల్ల పుట్టే దొంగ వోల్టేజీ ఉండదనే లాభం ఉంది. మన బల్ల మీది పనికి అంత సూక్ష్మం అక్కర్లేదు.

ఇత్తడి నాకిష్టమైన లోహం. రాగి కంటే గట్టిది, ఆకురాయికి చక్కగా లొంగుతుంది, మామూలు రోజిన్ ఫ్లక్స్‌తోనే సోల్డరు పడుతుంది. మొద్దుబారితే నాలుగు రాపిళ్లతో మళ్లీ మొన వస్తుంది. బంగారు పూత ఉన్న కాంటాక్టుల మీద, ఎడ్జ్ కనెక్టర్ల మీద ఉక్కు సూది గీతలు పెడుతుంది, అక్కడ ఇత్తడే మర్యాదగా ఉంటుంది. ఇంకో లాభం, అయస్కాంతం దీన్ని లాగదు. స్పీకరు వెనకో, మోటారు పక్కనో కొలిచేటప్పుడు ఉక్కు సూదిని అయస్కాంతం ఒక్కసారిగా తనవైపు లాక్కుంటుంది. మనం గురిపెట్టింది ఒక చోట, మొన పోయి తగిలేది ఇంకో చోట. అలాంటి పనులకు ఇత్తడి మొనల జత ఒకటి విడిగా ఉంచుకున్నాను. అయితే ఇత్తడిని సూది అంత సన్నగా చెక్కితే నిలబడదు. ఐసీ కాళ్ల మీద పనికి దాన్ని నమ్ముకోను.

రోజూ చేతిలో ఉండే జతకు మాత్రం చేతికుట్టు సూదే. ఉక్కు గట్టిగా ఉంటుంది, కొస కర్మాగారంలోనే సానపట్టి వస్తుంది, మన చేత్తో అంత నునుపైన మొన తేవడం కష్టం. మరీ సన్న సూది వద్దు, స్ప్రింగులా ఊగుతుంది. దబ్బనం వద్దు, దానికీ కంపెనీ మొనకీ పెద్ద తేడా ఉండదు. 0.8 నుంచి 1 మి.మీ. మందం మధ్యలో ఉన్నది సరిగ్గా సరిపోతుంది. పిడి బయటికి 10 మి.మీ. కంటే ఎక్కువ రానివ్వకండి. బయటికి వచ్చిన పొడవు సగం చేస్తే సూది బిగువు ఎనిమిది రెట్లవుతుంది, కాబట్టి మందం పెంచడం కంటే పొడవు తగ్గించడం మేలు. పైగా ఉక్కు సూది వంగే రకం కాదు, పరిమితి దాటితే టప్‌మని విరుగుతుంది. ఆ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. కళ్లద్దాలు పెట్టుకోండి.

సూదికి సోల్డరు పట్టదని చాలామంది వదిలేస్తారు. పడుతుంది, కాస్త ఓపిక కావాలి. చాలా సూదులకు నికెల్ పూత ఉంటుంది. పూత కొత్తగా ఉంటే రోజిన్ ఫ్లక్స్‌తోనే పని అయిపోవచ్చు. బెజ్జం దగ్గర బంగారు రంగు పూత ఉన్న సూదులు కొన్ని వస్తాయి, అవి దొరికితే అదృష్టం, సోల్డరు పెట్టడమే ఆలస్యం. మిగతా వాటికి నేను చేసేది ఇది. బెజ్జం వైపు ఒక సెంటీమీటరు మేర ఎమరీ కాగితంతో మెరుపు పోయి బూడిదరంగు వచ్చేదాకా రుద్దుతాను. సూది మధ్యలో ఒక క్రొకడైల్ క్లిప్పు బిగిస్తాను, వేడి మొన వైపు పాకకుండా. వైరు పోగుల్లో కొన్నిటిని బెజ్జంలోంచి దూర్చి, మిగతా వాటితో కలిపి సూది చుట్టూ మెలిపెడతాను. అప్పుడు యాసిడ్ ఫ్లక్స్ ఒక చుక్క, బాగా కాగిన ఐరన్. సోల్డరు మొదట చిన్న గుండులా ముడుచుకుని కూర్చుంటుంది. ఐరన్ ఆనించి రెండు మూడు సెకన్లు ఆగితే, ఉన్నట్టుండి ఆ గుండు చదునైపోయి సూది చుట్టూ పాకుతుంది. అలా పాకిందంటే పట్టిందన్నమాట. గుండులాగే చల్లబడితే అది అతుకు కిందికి రాదు, చూడ్డానికి ఎంత నిగనిగలాడినా సరే.

మొన నీలం రంగులోకి తిరిగిందంటే వేడి అక్కడిదాకా వెళ్లింది, ఉక్కు మెత్తబడింది. ఆ సూదిని పారేసి ఇంకోటి తీసుకోవడమే మంచిది. ఇక యాసిడ్ ఫ్లక్స్ వాడాక కడగడం తప్పనిసరి. వేడి నీళ్లలో కాస్త సోడా పొడి వేసి పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టాలి. కడక్కుండా పిడిలో పెట్టి మూసేస్తే లోపల తుప్పు మొదలవుతుంది, రాగి పోగులు ఆకుపచ్చగా మారి ఒక్కొక్కటే తెగుతాయి. యాసిడ్ ఫ్లక్స్ డబ్బాను ఎలక్ట్రానిక్స్ బల్ల మీద అసలు ఉంచకూడదని నా అభిప్రాయం. ఆ పని వేరే చోట చేసుకుని చేతులు కడుక్కుని రావాలి.

కుట్టుమిషన్ సూది చూడగానే ఆశ పుడుతుంది. వెనక భాగం 2 మి.మీ. లావుగా, ఒక పక్క చదునుగా ఉండి, పట్టుకోవడానికే పుట్టినట్టు కనిపిస్తుంది. మందం కూడా నంబరులోనే చెప్పేస్తుంది, 90 నంబరు అంటే 0.9 మి.మీ. అయితే దాని బెజ్జం మొన దగ్గరే ఉంటుంది. బలం కావాల్సిన చోటే బెజ్జం. పక్కకు కాస్త ఒత్తిడి పడితే అక్కడే విరుగుతుంది. సూదికి ఒక పక్క పొడుగునా ఉండే గాడిలో బోర్డు మీది ఫ్లక్స్ జిగురు చేరి కూర్చుంటుంది. నిలువుగా మాత్రమే నొక్కే పనికైతే పర్వాలేదు.

స్టెయిన్‌లెస్ గుండుసూదులూ ఆక్యుపంక్చర్ సూదులూ తుప్పు పట్టవు, అదొక్కటే వాటి గొప్ప. ఆక్యుపంక్చర్ సూదులు పావు మిల్లీమీటరు మందమే ఉంటాయి, ఒత్తిడికి విల్లులా వంగుతాయి. వైరు ఇన్సులేషన్ గుచ్చి లోపలి రాగిని తాకడానికి బాగుంటాయి గానీ, బోర్డు మీద కాళ్లు పట్టుకోవడానికి పనికిరావు. స్టెయిన్‌లెస్ మీద ఉండే క్రోమియం ఆక్సైడు పొరే దానికి కవచం, సోల్డరు పట్టకపోవడానికి కారణం కూడా అదే. ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్స్ ఉంటే పడుతుంది. ఇంజెక్షన్ సూదులు వాడొచ్చా అంటే, వాడినవైతే ససేమిరా వద్దు.

టంగ్‌స్టన్ గురించి అడిగేవాళ్లుంటారు. టిగ్ వెల్డింగులో వాడే కడ్డీలు 1 మి.మీ. మందంలోనూ దొరుకుతాయి, మొన పెడితే ఏళ్ల తరబడి అరగదు. మామూలు పద్ధతుల్లో సోల్డరు పట్టదు, బిగించి పట్టుకోవాల్సిందే. ఒక జాగ్రత్త: కొసకు ఎర్ర రంగు పట్టీ ఉన్న కడ్డీల్లో 2 శాతం థోరియం ఆక్సైడు ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. సానపడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎర్ర పట్టీది ఉంటే పక్కన పెట్టేయండి. ఇలాంటి జాగ్రత్తే బెరీలియం కాపర్‌కూ ఉంది. స్ప్రింగు గుణం, గట్టిదనం, కరెంటు పారడం మూడూ కలిసిన మంచి లోహం అది, కానీ దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆకురాయి పెట్టాల్సిన పని లేకుండా తయారుగా దొరికే పోగో పిన్నుల (నొక్కితే స్ప్రింగు మీద లోపలికి పోయే మొనల) రూపంలోనే దాన్ని వాడాలి.

పోగో పిన్నులు సూదికి గట్టి పోటీ. పి75-బి1 అని అమ్మేవి 1 మి.మీ. చిల్లర మందం, శంఖువులాంటి వాడి మొన, లోపల స్ప్రింగు, మీద బంగారు పూత. స్ప్రింగు ఉండటం వల్ల చెయ్యి కాస్త వణికినా మొన కదలదు. నలభై దాటిన చేతులకు ఇది చిన్న విషయం కాదు. కాకపోతే పిన్ను గొట్టానికి నేరుగా సోల్డరు పెట్టకండి. వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది, లేదా సోల్డరు లోపలికి పీల్చుకుపోయి పిన్ను బిగుసుకుపోతుంది. ఆర్75 అని దానికి జోడీగా సాకెట్ గొట్టం వస్తుంది. సోల్డరు దానికి పెట్టి, చల్లారాక పిన్నును అందులోకి నెట్టాలి. పిన్ను పాడైతే లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు. బంగారు పూత మాత్రం గీకుతూ వాడితే తొందరగానే పోతుంది. గీకే పనికి సూది, ఆనించి పట్టుకునే పనికి పోగో పిన్ను అని నేను పంచుకున్నాను.

అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ మొననే ప్రోబుగా వాడమనే సలహా కూడా తిరుగుతుంటుంది. కొసనున్న గోళీ చాలావాటిలో టంగ్‌స్టన్ కార్బైడుదే, గట్టిదే. కానీ ఆ గోళీ దొర్లడానికి పెట్టింది, దాని చుట్టూ ఇంకు ఉంటుంది. తగులుతూ తగలకుండా ఉండే కాంటాక్టుతో కొలత తీసేకంటే తీయకుండా ఉండటం నయం.

వైరు దగ్గరికి వస్తే, ఇక్కడ నాకు రాజీ లేదు. సిలికాన్ వైరే. పీవీసీ వైరు బిరుసుగా ఉండి చేతిని తన వైపు లాగుతుంది, చిన్న బోర్డయితే బోర్డునే బల్ల మీద జరిపేస్తుంది. సిలికాన్ వైరు ఎలా పడేస్తే అలా పడి ఉంటుంది. 200 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలినా కరగదు. కొన్నది నిజంగా సిలికానో కాదో తేల్చుకోవడానికీ ఇదే పరీక్ష. కోసిన ముక్క మీద వేడి ఐరన్ ఆనించండి, పీవీసీ వెంటనే కరిగి గాడి పడుతుంది. సిలికాన్‌కున్న లోపం, కోతకు అసలు ఆగదు. బ్లేడు గాటు ఒక్కటి పడితే అక్కణ్ణుంచి చిరుగుతూ పోతుంది. పదునైన రేకు అంచుల మీద లాగకండి, అప్పుడప్పుడు వేళ్ల మధ్య వంచుతూ పొడుగునా చూసుకోండి.

లోపలి పోగులు చూడాలి. 0.08 మి.మీ. పోగులు 100 ఉంటే మొత్తం అర చదరపు మిల్లీమీటరు రాగి, 150 ఉంటే ముప్పావు. అర చదరపు మి.మీ. వైరు మీటరు పొడవుకు సుమారు 35 మిల్లీఓములు. సూది మొన ప్రోబులకు అంత చాలు, ఎందుకంటే సూదిలోంచి 10 ఆంపియర్లు పంపే ఆలోచనే తప్పు. కరెంటు కొలవాలంటే మీటరుతో వచ్చిన లావు వైర్లో, క్రొకడైల్ క్లిప్పులో వాడాలి. 10 ఆంపియర్లకు 0.1 ఓమ్ అడ్డుంటే అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. తగరం పూతయితే బయట తెలుపు, గీకితే లోపల ఎరుపు. అల్యూమినియమైతే దానికి తిరగబడి ఉంటుంది. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, దాని నిరోధం రాగికి దాదాపు ఆరు రెట్లు. ఇయర్‌ఫోన్ల వైరు మెత్తగా ఉంది కదా అని తీసుకోకండి. సన్నటి పోగులు, వాటి మీద లక్క, మధ్యలో నూలు. సోల్డరు పెట్టడానికే సగం రోజు పోతుంది.

ప్లగ్గుల విషయంలో నా సలహా ఒకటే, కొత్తగా చేయకండి. పాత జత మొనల దగ్గర పాడై ఉంటుంది గానీ ప్లగ్గు వైపు బాగానే ఉంటుంది. 4 మి.మీ. ప్లగ్గు, దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, వైరు వంగే చోట రబ్బరు, అన్నీ అచ్చులో పోసి వచ్చినవి. మనం ఇంట్లో అంత బాగా చేయలేం. ఆ వైరు మంచిదైతే మొన వైపు మాత్రం కోసేసి అక్కణ్ణుంచి పని మొదలుపెట్టండి.

పిడికి పెన్ను గొట్టమే చాలామంది దారి, నాది కూడా. గాజులా పారదర్శకంగా ఉండే గొట్టాలు ఎక్కువగా పాలిస్టైరీన్, కింద పడితే నిలువునా పగులుతాయి, అసిటోన్ తగిలితే కరుగుతాయి. పాలతెలుపులో, కాస్త జిడ్డుగా తగిలే పాలీప్రాపిలీన్ పగలదు, కానీ దానికి ఏ జిగురూ సరిగ్గా అంటదు. పాలీప్రాపిలీన్ తీసుకుని లోపలి గోడను ఎమరీతో గరుకు చేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ నిండుగా పోస్తాను. అంటకపోయినా గరుకులో పట్టుకుని ఉంటుంది. సూపర్ గ్లూ పెళుసు, చిన్న దెబ్బకు వదిలేస్తుంది. హాట్ గ్లూ వేడి తగిలితే మెత్తబడి సూది లోపలికి జారుతుంది. ఎర్ర ఇంకు పెన్నుదీ నల్ల ఇంకు పెన్నుదీ తీసుకుంటే రంగుల గొడవ కూడా తీరిపోతుంది.

క్లిప్పు, ఉంగరం, మూత ఏదైనా లోహంతో ఉన్న పెన్ను వద్దు. కార్బన్ ఫైబరు కడ్డీ తేలిగ్గా గట్టిగా ఉందని మోజుపడకండి, అది కరెంటును పోనిస్తుంది. నల్లటి యాంటీస్టాటిక్ ప్లాస్టిక్ కూడా అంతే, అందులో కార్బన్ కలుపుతారు. కర్ర, వెదురు చెమట పీలుస్తాయి. మెగాఓములు కొలిచేటప్పుడు ఆ చెమట నిరోధం కూడా లెక్కలో కలుస్తుంది. త్రీడీ ప్రింటరు ఉన్నవాళ్లు పీఎల్‌ఏతో చేసుకుంటారు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని గుర్తుంచుకుంటే చాలు. 2 మి.మీ. క్లచ్ పెన్సిల్ ఇంకో ఉపాయం. దాని దవడలు ఇత్తడివైతే, వెనక నుంచి వైరు సోల్డరు చేసి, ముందు టంగ్‌స్టన్ కడ్డీనో ఇత్తడి మొననో బిగించుకోవచ్చు. నొక్కితే మొన ఊడి వస్తుంది, మార్చుకోవడం క్షణం పని. కానీ అలాంటి పెన్సిళ్ల ముందు భాగం లోహంతోనే ఉంటుంది, దాని మీద హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి తీరాలి.

ఇంట్లో చేసిన ప్రోబులు చచ్చేది మొన దగ్గర కంటే వెనక, వైరు పిడిలోకి దూరే చోట. సోల్డరు వేడికి కరిగి పోగుల మధ్యకు పీల్చుకుపోతుంది, అంతవరకూ మెత్తగా ఉన్న వైరు అక్కడ కడ్డీ అవుతుంది. కడ్డీ ఆగి మెత్తటి వైరు మొదలయ్యే గీత దగ్గర, వంగీ వంగీ పోగులు తెగుతాయి. బయటికి ఏమీ కనిపించదు. అందుకని ఆ గీత పిడి లోపల, ఎపాక్సీలో మునిగి ఉండేలా చూసుకోవాలి. వైరు ఇన్సులేషన్ కూడా కనీసం 15 మి.మీ. ఎపాక్సీలోకి రావాలి. సిలికాన్‌కు ఎపాక్సీ అంటదు కాబట్టి లోపల ఒక ముడి వేస్తాను. లాగుడంతా ముడి మీద పడుతుంది, అతుకు మీద పడదు. బయటికి వచ్చే చోట లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ ఒకటి, దాని మీద ఇంకాస్త పొడుగుది ఇంకోటి. బిరుసు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గుతుంది.

సూదికి కూడా సన్నటి స్లీవ్ తొడిగి, కొసన ఒక మిల్లీమీటరు మాత్రం బయటికి వదలండి. మొన జారినా పక్క కాలికి సూది ఒంటి లోహం తగలదు. జారడం ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది.

ఇప్పుడు మెయిన్స్ సంగతి. మొన అంత సన్నగా ఉండి, స్లీవ్ కూడా తొడిగాక 230 వోల్టుల మీద ఎందుకు పెట్టకూడదని అడుగుతారు. ప్రోబులకు ఐఈసీ 61010-031 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు స్థాయిలో, అంటే క్యాట్ 3లో వాడే ప్రోబుకు బయటికి కనిపించే లోహం 4 మి.మీ. మించకూడదు. వేళ్లు ముందుకు జారకుండా గట్టు ఉండాలి. పైకి కనిపించే ఈ రెండూ మనం చేయగలం. చేయలేనిది పరీక్ష. లైన్లో అప్పుడప్పుడు కొన్ని వేల వోల్టుల ఉప్పెన క్షణకాలం వస్తుంది. ఆ క్షణంలో నా పెన్ను గొట్టంలోని ఎపాక్సీలో ఎక్కడో చిక్కుకున్న గాలి బుడగ ఏం చేస్తుందో నేను పరీక్షించలేను. స్విచింగ్ సప్లైలో (చార్జర్లలాంటి వాటిలో ఉండే పవర్ సప్లైలో) మెయిన్స్ వైపు కెపాసిటరు మీద ఉండే 325 వోల్టుల డీసీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది. ఆ పనులకు రేటింగు ఉన్న కంపెనీ ప్రోబులే తీసుకుంటాను. నా జతల పిడి మీద తెల్ల రంగుతో ‘30’ అని రాసి పెట్టాను, ఇంట్లో ఇంకెవరైనా తీసుకుంటే తెలియాలి కదా.

చేసిన జత ఎలా ఉందో చూడటానికి మీటరు ఓముల రేంజి సరిపోదు. కరెంటు పరిమితి పెట్టుకునే పవర్ సప్లై ఉంటే 1 ఆంపియరుకు పెట్టండి. రెండు మొనలనూ మందపాటి రాగి రేకు మీద గట్టిగా నొక్కిపట్టి, ప్లగ్గుల వైపు నుంచి కరెంటు పంపండి. ఇంకో మీటరుతో రెండు ప్లగ్గుల మధ్య మిల్లీవోల్టులు చూడండి. 1 ఆంపియరు కాబట్టి ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీఓములు. మీటరు పొడవు వైర్లతో నా సూది జత 90 దగ్గర చూపిస్తుంది. అందులో 70 వైరువే, సూదుల వాటా పది. అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు, ఎక్కడికీ పోకుండా నిలబడాలి. మొనలు కదలకుండా పట్టుకుని పిడి వెనక వైరును అటూ ఇటూ వంచి చూడండి. అంకె గెంతితే లోపల పోగులు తెగుతున్నట్టు, లేదా అతుకు సరిగ్గా పట్టనట్టు. ఎపాక్సీ పోయకముందే ఈ పరీక్ష చేసుకుంటే విప్పడం సులువు. పోశాక ఇంకోసారి.

పెన్ను మూతలు పారేయకండి. గొట్టం అదే కాబట్టి మూత సరిగ్గా పడుతుంది, సొరుగులో స్క్రూ కోసం వెతికే వేలికి సూది గుచ్చుకోదు.